ఏ నాణెం గ్రేడింగ్‌కి పంపాలి, ఏది ఇంట్లో ఉంచుకోవాలి

గ్రేడింగ్‌కి, అంటే నాణెం అసలుదో కాదో, ఏ స్థితిలో ఉందో నిపుణుల చేత తేల్పించుకోవడానికి, పంపే ప్రతి నాణేనికీ విడిగా డబ్బు కట్టాలి. అది గొప్ప నాణెమని తేలినా కట్టాలి, నకిలీ అని తేలినా కట్టాలి. డబ్బా నిండా పాత రూపాయిలు ఉన్నాయి కదా అని అన్నీ పంపితే, నాణేల మీద వచ్చేదానికన్నా ఫీజుల మీద పోయేదే ఎక్కువ. అందుకే ఎంపిక చాలా ముఖ్యం. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒక సాధారణ కుటుంబం దాచుకున్న నాణేల్లో పంపదగ్గవి నూటికి ఒకటో రెండో ఉంటాయి. మిగతావాటికి విలువ లేదని కాదు. గ్రేడ్ చేసి స్లాబ్‌లో (సీల్ చేసిన ప్లాస్టిక్ కేసులో) పెట్టినంత మాత్రాన వాటి విలువ పెరగదు, అంతే.

బ్రిటిష్ ఇండియా రూపాయిలు, నిజాం చార్మినార్ నాణేలు, స్వతంత్రం వచ్చాక మన మింట్లు (టంకశాలలు) ముద్రించిన నాణేలు ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. అమెరికాలో ఉంటూ ఈ నాణేలు సేకరిస్తున్న మనవాళ్లకూ పనికొస్తుంది, వాళ్లకు వర్తించే తేడాలు మధ్యలో చెబుతాను.

గ్రేడింగ్‌తో మీ చేతికి ఏమొస్తుంది

ప్రపంచమంతా ఎక్కువగా నమ్మే సంస్థలు రెండు: పీసీజీఎస్, ఎన్‌జీసీ. రెండూ అమెరికాలో 1980ల రెండో సగంలో మొదలైనవే. మీ నాణేన్ని వాళ్ల నిపుణులు చూసి ముందు అది అసలుదో కాదో తేలుస్తారు. తర్వాత 1 నుంచి 70 వరకు ఉన్న కొలమానం మీద దాని స్థితికి ఒక అంకె ఇస్తారు. ఆ తర్వాత గట్టి ప్లాస్టిక్ కేసులో పెట్టి సీల్ చేసి, దానికో సర్టిఫికెట్ నంబరు వేస్తారు. ఆ కేసునే స్లాబ్ అంటారు. విలియం షెల్డన్ అనే అమెరికన్ 1949లో తమ దేశపు పాత పెద్ద సెంట్ల కోసం తయారు చేసిన కొలమానమే ఇప్పుడు అన్ని దేశాల నాణేలకూ వాడుతున్నారు.

60 నుంచి 70 వరకు మింట్ స్టేట్, అంటే చలామణిలో అరగని నాణెం. దీన్ని ఎంఎస్ అని రాస్తారు. 50 నుంచి 58 వరకు ఏయూ, అంటే ఎత్తైన చోట్ల మాత్రమే కాస్త అరుగుదల ఉన్నది. 40, 45 ఎక్స్‌ఎఫ్. 20 నుంచి 35 వరకు వీఎఫ్. అంతకన్నా కింద ఉన్నవి బాగా అరిగినవి. ప్రత్యేకంగా మెరుగు పెట్టిన డైలతో (అచ్చులతో) ముద్రించే ప్రూఫ్ నాణేలకు ఇవే అంకెలు పీఎఫ్ లేదా పీఆర్ అన్న అక్షరాలతో వస్తాయి.

వీటితో పాటు ఇంకో ఫలితం కూడా ఉంది, దాని గురించి కొత్తవాళ్లకు ఎవరూ ముందుగా చెప్పరు. నాణెం అసలుదే అయినా ఎవరో తోమి ఉంటే, గీతలు పడి ఉంటే, రింగు అతికించి తీసి ఉంటే దానికి అంకె ఇవ్వరు. లేబుల్ మీద "డీటెయిల్స్" అని రాసి, పక్కనే లోపం పేరు వేస్తారు. అలాంటి స్లాబ్ చూడగానే కొనేవాళ్లలో చాలామంది పక్కకు తప్పుకుంటారు. మన ఇళ్లలోని నాణేలకు అసలు ప్రమాదం ఇదే. కింద చెప్పే మెట్లలో చాలావరకు దీన్ని ముందే పసిగట్టడానికే.

మొదటి మెట్టు: చట్టం ఏమంటుందో చూసుకోండి

నాణెం ఎంత అందంగా ఉన్నా ముందు దాని వయసు లెక్కపెట్టండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని మామూలు వ్యక్తులు దేశం బయటికి పంపడం నేరం. జైలు శిక్ష కూడా ఉంది, ఆరు నెలలకు తగ్గదు, మూడేళ్ల దాకా పడొచ్చు. గ్రేడ్ చేయించి తిరిగి తెప్పించుకుంటాను కదా అన్న మాట అక్కడ పనికిరాదు. అమెరికా వెళ్తున్న అబ్బాయి సూట్‌కేసులో పెట్టి పంపినా అది ఎగుమతే. దయచేసి ఆ పని మాత్రం చేయకండి, ఇరుక్కునేది పిల్లాడు.

దీని పర్యవసానం చాలామంది గమనించరు. విలియం, విక్టోరియా, ఎడ్వర్డ్ బొమ్మల రూపాయిలన్నీ వందేళ్లు దాటేశాయి. ఐదో జార్జి రూపాయిలు కూడా అంతే, ఎందుకంటే 1922 తర్వాత మళ్లీ 1938 దాకా చలామణి కోసం వెండి రూపాయి ముద్రించలేదు. అంటే భారతదేశంలో ఉంటూ విదేశానికి పంపగలిగే బ్రిటిష్ ఇండియా వెండి రూపాయిలు ఆరో జార్జివి మాత్రమే. అర్ధరూపాయిలు, పావలాలు, అణాలు, పైసల విషయంలో మాత్రం ఏటా ఆ గీత ఒక్కో సంవత్సరం ముందుకు జరుగుతూ ఉంటుంది, కాబట్టి నాణెం మీది తేదీ చూసి లెక్కపెట్టుకోండి.

నిజాం నాణేల మీద హిజ్రీ సంవత్సరం ఉంటుంది. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన సంవత్సరం దాదాపుగా వస్తుంది. 1329 అని ఉంటే 1911. 1361 అని ఉంటే 1942. మొదటిది బయటికి పంపకూడదు, రెండోదానికి వందేళ్ల అడ్డంకి లేదు.

పాత నాణెమే అయ్యుండి దాన్ని తప్పకుండా గ్రేడ్ చేయించాలనుకుంటే, ఆ పని దేశం లోపలే జరిగే అవకాశం ఉందా అని పేరున్న డీలరును అడగండి. "నాణెం దేశం దాటుతుందా, దాటితే ఏ కాగితాల మీద?" అన్న ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. నోటిమాటగా "అవన్నీ మేం చూసుకుంటాం" అనేవాళ్లకు ఇవ్వకండి. అమెరికాలోనే వేలంలోనో డీలరు దగ్గరో కొన్న భారతీయ నాణెం అయితే ఈ ఇబ్బంది లేదు, బిల్లు మాత్రం దాచుకోండి.

ఇంకొకటి. పొలం దున్నుతుంటేనో, పాత ఇల్లు పడగొడుతుంటేనో దొరికిన నాణేలైతే గ్రేడింగ్ మాట తర్వాత. 1878 నాటి నిధి చట్టం ఇంకా అమల్లో ఉంది. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి.

రెండో మెట్టు: కథల నాణేలను తీసి పక్కన పెట్టండి

వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ల లక్షలు పలుకుతుందని యూట్యూబ్‌లో చూసి ఎంతమంది ఆశ పెట్టుకుంటున్నారో చెప్పలేను. అవి కోట్ల సంఖ్యలో ముద్రించిన నాణేలు. "మీ నాణెం కొంటాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. తమ పేరు చెప్పి పాత నోట్లు, నాణేల కొనుగోలుకు ఫీజులు, కమీషన్లు వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరిక జారీ చేసింది.

తర్వాతి రకం: రాముడి పట్టాభిషేకమో, హనుమంతుడో ఉండి, వెనకాల ఈస్ట్ ఇండియా కంపెనీ అనీ 1818 అనీ, అణా అనీ రాసి ఉన్న రాగి బిళ్లలు. ఇవి బియ్యాన్ని లాగుతాయనీ, కోట్లు చేస్తాయనీ చెబుతారు. కంపెనీ అలాంటి నాణేలు ఎప్పుడూ ముద్రించలేదు. భక్తితో దేవుడి గదిలో ఉంచుకోవచ్చు. గ్రేడింగ్‌కి పంపితే ఫీజు పోయి, నాణెం గ్రేడు లేకుండానే తిరిగొస్తుంది.

మింట్ నుంచి కొన్న స్మారక ప్రూఫ్ సెట్లు కూడా తొందరపడి విప్పకండి. చాలా సెట్లకు ధర పలికేది అసలు పెట్టె, అట్ట, కాగితంతో కలిపి ఉన్నప్పుడే. విప్పి ఒక్కో నాణేన్నీ స్లాబ్ చేయించాక 70 రాకపోతే, సెట్టూ చెడుతుంది, ఫీజూ పోతుంది. అమెరికాలో ఉన్నవాళ్లకు దీనికి సమానమైనది, అరిగిన 1921 మోర్గాన్ డాలరు. కోట్లలో ముద్రించారు, వెండి విలువ ఉంటుంది, కానీ అది గ్రేడింగ్ ఫీజు మోయలేదు.

మూడో మెట్టు: మన ఇళ్లలో నాణేనికి ఏం జరిగి ఉంటుందో వెతకండి

ఇక్కడ నిదానంగా పని చేయండి. మన ఇళ్లలో వెండి రూపాయి ఊరికే డబ్బాలో పడి ఉన్న సందర్భాలు తక్కువ. దాన్ని వాడారు, పూజించారు, ధరించారు. ఆ ఆనవాళ్లన్నీ దాని మీద ఉంటాయి.

వరలక్ష్మీ వ్రతానికి, దీపావళి పూజకు పెట్టిన రూపాయిని ఏటా ఎవరో ఒకరు చింతపండుతోనో, విభూతితోనో, పళ్లపొడితోనో తోమి ఉంటారు. కళ్లకు తళతళలాడుతుంది. కానీ లెన్స్ పెట్టి దీపం కింద వంచి చూస్తే సన్నని వెంట్రుకల్లాంటి గీతలు ఒకే దిక్కుకు గుంపుగా కనిపిస్తాయి. వీటిని హెయిర్‌లైన్స్ అంటారు. రాజు చెంప మీద, అక్షరాల చుట్టూ ఉండే ఖాళీ జాగాలో ఇవి ముందు బయటపడతాయి. అక్షరాల మూలల్లో మాత్రం నల్లటి మసి మిగిలిపోయి, మిగతా ఒళ్లంతా తెల్లగా ఉందంటే అది తోమిన నాణెమే. కుంకుమ, పసుపు మరకలు అక్షరాల సందుల్లో ఇరుక్కుని ఉన్నవీ చూశాను.

కాసులపేరులోంచి విప్పిన బంగారు కాసులు, దండ కట్టించిన రూపాయిలు ఇంకో రకం. పైఅంచు దగ్గర, సాధారణంగా రాజు కిరీటం పైన, పన్నెండు గంటల స్థానంలో నాణెం పక్కభాగాన్ని వేలితో తడమండి. గళ్లు వరుసగా నడుస్తూ ఒక్కసారి నున్నగా మారితే అక్కడ టంకం పెట్టి ఉంటుంది. కంసాలి ఎంత నేర్పుగా రాకినా ఆ కొద్ది జాగాలో లోహం రంగు వేరుగా ఉంటుంది. తెలంగాణలో లంబాడీ ఆడవాళ్ల నగల్లో కుట్టిన రూపాయిలకు చాలాసార్లు రంధ్రమే ఉంటుంది. కొన్నింటిని తర్వాత వెండితో పూడ్చి అమ్ముతారు. వెలుతురుకు అడ్డంగా పెడితే కాదు, వంచి చూస్తేనే ఆ పూడిక కనిపిస్తుంది.

షరాబులు వెండి నాణ్యత చూడటానికి అంచు మీద ఉలితో వేసిన గాట్లు కూడా గమనించండి. పాత నాణేల మీద వ్యాపారులు వేసిన చిన్న ముద్రలూ ఉంటాయి. వీటికి చరిత్ర పరంగా ఆసక్తి ఉంది, నాకు వ్యక్తిగతంగా అలాంటి నాణేలంటే ఇష్టం కూడా. కానీ గ్రేడింగ్ లెక్కలో అవి దెబ్బలే.

ఇవన్నీ కనిపించిన నాణేలను "ఇంట్లోనే" అన్న డబ్బాలో వేయండి. నాన్నమ్మ మెడలో వేలాడిన రూపాయికి ఎవరి అంకె అవసరం లేదు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. మురికిగా, నల్లగా ఉన్న నాణేన్ని పంపే ముందు శుభ్రం చేయకండి. వెండికి కాలక్రమంలో పట్టే ముదురు రంగు లోపం కాదు. దాన్ని టోనింగ్ అంటారు, చక్కగా పట్టినదానికి ఎక్కువ ధర కూడా వస్తుంది. మెత్తని ప్లాస్టిక్ ఆల్బమ్‌లలో ఏళ్ల తరబడి ఉన్న నాణేల మీద ఆకుపచ్చ జిగురు పడితే అది వేరే సంగతి, అది లోహాన్ని తింటుంది. అలాంటిదాన్ని ఇంట్లో ప్రయోగాలు చేయకుండా, ఎన్‌జీసీకి అనుబంధంగా ఉన్న ఎన్‌సీఎస్ లాంటి పరిరక్షణ సేవకు ఇవ్వడం మంచిది.

నాలుగో మెట్టు: తూకం, కొలత

మిగిలిన నాణేల్లో నకిలీలను ఏరాలి. దీనికి 0.01 గ్రాము దాకా చూపించే డిజిటల్ తూకం, పది రెట్లు పెద్దది చేసి చూపించే లెన్స్ చాలు. రెండూ వెయ్యి, రెండు వేల రూపాయల్లో వస్తాయి.

1835 నుంచి బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, వ్యాసం 30.5 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూ. అరిగితే ఒకటి రెండు శాతం తగ్గొచ్చు. కొత్తదానిలా కనిపిస్తూ 11 గ్రాములే తూగితే అనుమానించండి. చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు ఉండాలి. 1940లకు ముందువాటిలో వెండి 81.8 శాతమే, అప్పటి బ్రిటిష్ రూపాయిలో 91.7 శాతం. అందుకే రెండింటి రంగూ ఒక్కలా ఉండదు.

అయస్కాంతం పెట్టి చూడటం మంచి అలవాటే, కానీ దాన్ని అర్థం చేసుకుని వాడాలి. వెండి రూపాయి అంటుకుంటే నకిలీ. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి మాత్రం నికెల్‌ది, అది అంటుకోవాలి. అంటుకోకపోతేనే సందేహించాలి.

1939 రూపాయి దొరికిందంటే తూకం ఒక్కటే చాలదు. 91.7 శాతం వెండితో వచ్చిన ఆఖరి రూపాయి అది, చాలా అరుదు. అందుకే తేదీ మార్చినవీ, పోత పోసినవీ బజారులో తిరుగుతుంటాయి. 1940 నుంచి రూపాయిలో వెండి 50 శాతానికి పడిపోయింది, బరువు మాత్రం అంతే ఉంచారు. కాబట్టి సాంద్రత చూడాలి. తూకం మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి గ్లాసు అడుగుకూ గోడకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా వేలాడదీయండి. తూకం చూపించే అంకెతో నాణెం బరువును భాగించండి. 91.7 శాతం వెండి అయితే 10.3 చుట్టుపక్కల వస్తుంది, 50 శాతం అయితే 9.5 చుట్టుపక్కల. నాణేన్ని బయటికి తీశాక మెత్తని గుడ్డ మీద ఉంచి అద్దాలి, రుద్దకూడదు. మెరుపు చెక్కుచెదరని నాణేల మీద ఈ పరీక్ష వద్దు.

ఐదో మెట్టు: దీపం కింద మీరే గ్రేడ్ ఇవ్వండి

గదిలో ట్యూబ్‌లైట్ ఆపేసి ఒక్క టేబుల్ లైటు పెట్టుకోండి. కింద మెత్తని తువ్వాలు పరవండి, చేయి జారినా నాణేనికి దెబ్బ తగలదు. నాణేన్ని అంచులు పట్టుకుని మెల్లగా తిప్పుతూ చూడండి. అచ్చు నుంచి వచ్చిన మెరుపు చెరగని నాణెమైతే, మధ్య నుంచి అంచు దాకా వెలుగు చారలు బండి చక్రం ఆకుల్లా తిరుగుతాయి. తోమిన నాణెం మెరుస్తుంది గానీ ఆ చారలు తిరగవు, ఒళ్లంతా ఒకేసారి చదునుగా వెలుగుతుంది. ఈ తేడా ఒక్కసారి కంటికి పట్టిందంటే ఇక మర్చిపోరు. పట్టడానికి మాత్రం మంచి నాణేలు కొన్ని చేతిలో పట్టుకుని చూడాలి. హైదరాబాద్‌లో నాణేల ప్రదర్శనలు జరిగినప్పుడు వెళ్లి, కొనకపోయినా, డీలర్ల దగ్గరున్న స్లాబులను ఇలా వంచి చూడనివ్వమని అడగండి. చాలామంది చూడనిస్తారు.

తర్వాత ఎత్తైన చోట్లు చూడండి, అరుగుదల అక్కడే మొదలవుతుంది. విక్టోరియా అయితే చెవి పైన జుట్టు, భుజం మీది దుస్తుల పూలపని. ఎడ్వర్డ్ అయితే చెవి చుట్టూ, గడ్డం. ఐదో జార్జి అయితే కిరీటం మధ్యభాగం, అంగీ మీది ఏనుగు. అక్కడ రంగు మిగతా జాగా కన్నా బూడిదగా మారి ఉంటే ఏయూ లేదా అంతకన్నా తక్కువ. మారకపోతే ఎంఎస్ అయ్యే అవకాశం ఉంది. అప్పుడు చెంప మీద, ఖాళీ జాగాలో సంచిలో ఒకదానికొకటి తగిలి పడిన గాట్లు ఎన్ని ఉన్నాయో చూస్తే 61కీ 64కీ మధ్య ఎక్కడ పడుతుందో ఊహించొచ్చు.

మీ అంచనా కాగితం మీద రాసి పెట్టుకోండి. మర్నాడు పగటి వెలుతురులో మళ్లీ చూసి, మొదటి అంచనా చూడకుండా రెండోది రాయండి. రెండింటిలో తక్కువదాన్నే లెక్కలోకి తీసుకోండి. మన నాణెం మన కంటికి ఎప్పుడూ ఒక మెట్టు ఎక్కువగానే కనిపిస్తుంది.

ఆరో మెట్టు: మీ దగ్గరున్నది ఏ రకమో తేల్చుకోండి

ఒకే సంవత్సరం, ఒకే బొమ్మ అయినా రకాన్ని బట్టి ధర చాలా మారుతుంది. 1862 అని ఉన్న విక్టోరియా రూపాయిని అదే తేదీతో 1874 దాకా ముద్రించారు. తేదీ పైనా కిందా ఉన్న చుక్కల సంఖ్యను బట్టి వాటిని విడదీస్తారు, కొన్ని మేళవింపులు చాలా అరుదు. 1840 రూపాయిలో రాణి పేరు తల చుట్టూ కలిసి ఉందా, రెండు పక్కలకు విడిపోయి ఉందా చూడాలి. 1911 రూపాయి కథ అందరికీ తెలిసిందే. రాజు అంగీ మీది ఏనుగు పందిలా ఉందని గొడవ అయింది, 94 లక్షలు ముద్రించి 7 లక్షలే విడుదల చేశారు, 1912లో బొమ్మ సరిచేశారు. అరిగిన 1911 రూపాయి అంత అరుదేమీ కాదు, మెరుపుతో ఉన్నదానికి మాత్రం మంచి గిరాకీ ఉంది.

చార్మినార్ నాణేలను మనవాళ్లే శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే బయటివాళ్లకు ఇవన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. చార్మినార్ మధ్య ద్వారంలో ఒక అక్షరం ఉంటుంది. అది మీమ్ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, ఐన్ అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. 1329 నాటి వాటిలో ఆ ఐన్ సగమే ఉన్నవీ, పూర్తిగా ఉన్నవీ రెండు రకాలు. లెన్స్ తీసుకుని ద్వారంలోకి చూడటానికి పట్టేది అర నిమిషం. ఆ అర నిమిషం పెట్టకుండానే చాలామంది అమ్మేస్తుంటారు.

స్వతంత్ర భారత నాణేలకు తేదీ కింద మింట్ గుర్తు చూడండి. నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఒకే సంవత్సరంలో ఒక మింట్‌ది కుప్పలుగా దొరికి, ఇంకో మింట్‌ది అసలు దొరకని సందర్భాలు ఉన్నాయి. ఇలాంటి నాణెం మెరుపు చెదరకుండా ఉంటే పరిశీలించదగ్గదే.

రకం తేలాక ఎన్‌జీసీ సెన్సస్‌లో, పీసీజీఎస్ పాపులేషన్ రిపోర్టులో, అంటే ఆ సంస్థలు ఇప్పటిదాకా గ్రేడ్ చేసిన నాణేల లెక్కల్లో, ఆ నాణెం ఏ గ్రేడులో ఎన్ని ఉన్నాయో చూడండి. రెండూ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. అక్కడ తక్కువ కనిపించగానే సంబరపడొద్దు. ఎవరూ పంపనందువల్ల కూడా తక్కువ ఉండొచ్చు. అందుకని వేలం సంస్థల పాత ఫలితాల్లో నిజంగా అమ్ముడైన ధరలు చూసి పోల్చుకోవాలి. అమ్మేవాళ్లు పెట్టుకున్న ధరలు లెక్కలోకి రావు.

ఏడో మెట్టు: లెక్క వేయండి

ఫీజులు తరచూ మారుతుంటాయి, నాణెం విలువను బట్టి కూడా మారుతాయి. మీరు కలపాల్సినవి ఇవి: మెంబర్‌షిప్ లేదా డీలరు కమీషన్, ఒక్కో నాణేనికి గ్రేడింగ్ ఫీజు, ఆర్డరుకు హ్యాండ్లింగ్ ఛార్జీ, రానుపోను కొరియర్, ఇన్సూరెన్స్, తిరిగొచ్చేటప్పుడు పడే కస్టమ్స్. మొత్తాన్ని నాణేల సంఖ్యతో భాగించండి.

ఉదాహరణకు ఒక్కో నాణేనికి 5,000 రూపాయలు పడిందనుకుందాం. మీ నాణెం విడిగా అమ్మితే 3,000 వస్తుంది. ఎంఎస్ 63 వస్తే 12,000, ఏయూ వస్తే 4,500, డీటెయిల్స్ వస్తే 2,000 అని పాత అమ్మకాలు చెబుతున్నాయి. మీ అంచనా ప్రకారం నాలుగింట ఒక వంతు ఎంఎస్, సగం ఏయూ, మిగతా పావు డీటెయిల్స్ వచ్చే అవకాశం ఉంది. అప్పుడు సగటున వచ్చేది 3,000, 2,250, 500 కలిపి 5,750. ఖర్చు పోగా చేతికి మిగిలేది 750. పంపకుండా అమ్మితే 3,000. ఈ నాణెం పంపకూడదు.

ఇదే లెక్క అరుదైన రకానికి వేస్తే ఫలితం తిరగబడుతుంది. అందుకే నేను పాటించే నియమం ఇది: గ్రేడు ఒక మెట్టు తగ్గినా ఖర్చు రాబట్టగలిగే నాణేన్నే పంపాలి.

ఈ లెక్కకు లొంగని సందర్భం ఒకటుంది. 1939 రూపాయి, బంగారు అష్రఫీ లాంటివి అసలువా కావా అన్న సందేహంతో ఎవరూ కొనరు. అక్కడ మీరు డబ్బు కట్టేది అంకె కోసం కాదు, నమ్మకం కోసం. ఏయూ వచ్చినా, డీటెయిల్స్ వచ్చినా "అసలుది" అన్న మాట రావడమే అమ్మకానికి దారి. అన్నదమ్ములు పంచుకోవాల్సిన నాణేలకూ ఇదే వర్తిస్తుంది. బయటివాళ్లు తేల్చిన మాట మీద ఇంట్లో గొడవ రాదు. ఆ నాణెం వందేళ్లు దాటినదైతే మాత్రం మొదటి మెట్టు మళ్లీ చదవండి.

ఎనిమిదో మెట్టు: పంపడం, తిరిగొచ్చాక చూసుకోవడం

ఇంత వడపోత తర్వాత మీ చేతిలో నాలుగైదు నాణేలు మిగిలితే అది మంచి ఫలితమే. ముందు ఒక్కో నాణేన్నీ రెండు వైపులా, అంచుతో సహా స్పష్టంగా ఫొటో తీయండి, బరువు రాసుకోండి. గట్టి మైలార్ ఫ్లిప్‌లలో (నాణెం పెట్టే పారదర్శక ప్లాస్టిక్ కవర్లలో) ఒక్కోటి విడిగా పెట్టండి. స్టేపుల్ కొట్టే అట్ట ఫ్లిప్‌లు వద్దు, పిన్ను తీసేటప్పుడు నాణెం గీసుకుంటుంది. ఫారంలో రకం పేరు మీరే రాయండి. కొన్ని రకాలను గుర్తించి లేబుల్ మీద వేయడానికి అదనపు ఫీజు ఉంటుంది, అడగకపోతే మామూలు పేరుతోనే వచ్చేస్తుంది. విలువ దగ్గర తక్కువ రాసి ఫీజు ఆదా చేద్దామనుకోకండి, దారిలో పోతే ఇన్సూరెన్స్ అంతే ఇస్తుంది. కొన్ని కొరియర్ కంపెనీలు నాణేలను తీసుకోవు, తీసుకున్నా ఇన్సూరెన్స్ వర్తించదంటాయి. పార్సిల్ ఇచ్చే ముందే ఆ షరతులు చదవండి. దేశం బయటికి పంపుతుంటే ఎగుమతి కాగితాల కాపీలు తప్పకుండా దాచండి. అదే నాణెం తిరిగి వస్తోందని కస్టమ్స్ దగ్గర చూపించడానికి అవే ఆధారం.

స్లాబులు చేతికి రాగానే మీరు తీసిన ఫొటోలతో పోల్చండి, అదే నాణెమా కాదా అని. లేబుల్ మీద సంవత్సరం, మింట్, రకం సరిగ్గా ఉన్నాయో చూడండి. తప్పుంటే సరిచేయమని వెంటనే రాయండి, ఆలస్యమయ్యే కొద్దీ కష్టం. సర్టిఫికెట్ నంబరును ఆ సంస్థ సైట్‌లో కొట్టి చూడండి. నకిలీ స్లాబులు కూడా వస్తున్నాయి కాబట్టి ఇంకొకరి దగ్గర కొనేటప్పుడు కూడా ఇదే చేయాలి. డీటెయిల్స్ వచ్చిన నాణేన్ని ఇంకో సంస్థకు పంపుదామన్న ఆలోచన వస్తుంది. లెన్స్ కింద ఆ లోపం మీకూ కనిపిస్తే పంపకండి, అక్కడా అదే వస్తుంది. ఎంత వెతికినా కనిపించకపోతే, ఆ స్లాబును అలాగే ఉంచి, అనుభవం ఉన్న ఇద్దరు సేకర్తలకు చూపించి, వాళ్లిద్దరి మాటా ఒకటైతేనే మళ్లీ ఖర్చు పెట్టండి.